ముందు చిట్టా, తరువాత ఆవర్జా

పూర్వము మన పట్టణములలోని పెద్ద వర్తకుల కొట్లలో గుమాస్తా ముందు రెండు పుస్తకములు ఉండేవి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. ఆనాడు జరిగిన ప్రతి ఇచ్చిపుచ్చుకోలు జరిగిన వరుసలో, జరిగిన వెంటనే చిట్టాకు ఎక్కేది. తీరిక చిక్కినప్పుడు గుమాస్తా చిట్టా చూచుకొంటూ ఆ పద్దులను ఒక్కొక్క ఖాతాదారు పేరున ఆవర్జాలోనికి ఎత్తి వ్రాసేవాడు. ఎవరి బాకీ ఎంతో తెలియవలెనంటే ఆవర్జా చూడవలెను. ఆవర్జాపై అనుమానము కలిగితే చిట్టా చూడవలెను. మంచి గుమాస్తా తప్పు పడిన పద్దును గీకి చెరిపేవాడు కాడు. దానికి ఎదురు పద్దు వ్రాసి సరిచేసేవాడు.

ఈ జాగ్రత్త మన దేశపు వర్తకులకే పరిమితము కాదు. 1494లో వెనిసు నగరమున అచ్చయిన తన గణిత గ్రంథములో లూకా పాచోలీ అను సన్న్యాసి అచ్చటి వర్తకుల లెక్కల పద్ధతిని వివరించినాడు. మొదట ఒక చిత్తు పుస్తకము, దాని నుండి తేదీల వరుసలో మరొక పుస్తకము, దాని నుండి ఖాతాల పుస్తకము: ఇట్లు మూడు మెట్లు ఆయన చెప్పినాడు. జరిగిన సంగతి ముందు వరుసగా నమోదు కావలెను, ఖాతాలు దాని నుండి పుట్టవలెను అన్నదే ఇందలి సారము. ఇరవైయవ శతాబ్దమున కంప్యూటరు శాస్త్రజ్ఞులు ముప్పై నలభై సంవత్సరములు శ్రమించి చివరకు ఈ నియమము వద్దకే చేరినారు. ఆ చరిత్ర తెలిసికొనదగినది.

నేడు బ్యాంకులోని నిల్వ, రైలులోని బెర్తు, వృద్ధుల పింఛను, పొలము హక్కు అన్నియు కంప్యూటరులోని దత్తాంశ నిధులలో, అనగా డేటాబేసులలో, పట్టికల రూపమున ఉన్నవి. ఒక తండ్రి విశాఖపట్నములో చదువుకొంటున్న కుమారునికి 5,000 రూపాయలు పంపినాడనుకొందాము. ఇద్దరి ఖాతాలు ఒకే బ్యాంకులో ఉన్నవి. యంత్రము చేయవలసిన పనులు రెండు: తండ్రి ఖాతాలో 5,000 తగ్గించుట, కుమారుని ఖాతాలో 5,000 పెంచుట. మొదటి పని జరిగి, రెండవది జరుగక ముందే కరెంటు పోయినది. ఇప్పుడు ఆ డబ్బు ఎక్కడ ఉన్నది? తండ్రి వద్ద లేదు, కుమారుని వద్ద లేదు. దొంగ ఎవ్వరూ లేరు. అయినను డబ్బు మాయమైనది. దత్తాంశములు చెడిపోవుట అంటే ఇదే. లెక్క చెడినచోట కాగితము చిరిగినట్లు కంటికి కనబడదు. అంకెలు అంకెలుగానే ఉండును, వాటిలోని సత్యము మాత్రము పోవును.

మారిన గుర్తు

కంప్యూటరు ప్రతి సంగతిని 0, 1 అను రెండు గుర్తులతోనే వ్రాసికొనును. ఒక్క గుర్తు తారుమారైతే వంద రూపాయలు వేలు కావచ్చును. ఈ శత్రువును మొదట లొంగదీసినవాడు రిచర్డ్ హామింగ్.

1947 ప్రాంతమున హామింగ్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో గణితజ్ఞుడు. అచ్చటి కంప్యూటరు రిలేలతో, అనగా విద్యుదయస్కాంతపు మీటలతో నడిచేది. తప్పు జరిగితే కనిపెట్టగల ఏర్పాటు దానిలో ఉన్నది. పని దినములలో అయితే అది ఆగి సిబ్బందిని హెచ్చరించేది. వారాంతములో మనుష్యులు ఉండరు కనుక, తప్పు కనబడిన లెక్కను ప్రక్కకు నెట్టి తరువాతి లెక్క ఎత్తుకొనేది. వరుసగా రెండు వారములు సోమవారమునాడు వచ్చి చూచిన హామింగ్‌కు తన లెక్క జరుగలేదని తెలిసినది. విసుగుతో ఆయన ఒక ప్రశ్న వేసికొన్నాడు: తప్పు జరిగినదని తెలిసికొనగల యంత్రము, ఆ తప్పు ఎక్కడ జరిగినదో ఎందుకు తెలిసికొనలేదు?

దానికి సమాధానము 1950లో ప్రచురితమైనది. 1, 0, 1, 1 అని నాలుగు గుర్తులున్నవనుకొందాము. వీటిలో ఒకట్లు మూడు, అనగా బేసి. మరొక 1 చేర్చి వాటిని సరి సంఖ్య చేయుదుము. తరువాత ఏ గుర్తు మారినను ఒకట్ల సంఖ్య బేసి అగును, తప్పు బయటపడును. కాని అది ఎక్కడిదో తెలియదు. హామింగ్ నాలుగు గుర్తులకు మూడు కాపలా గుర్తులను చేర్చినాడు. ఒక్కొక్క కాపలా గుర్తు వేరువేరు గుంపును సరిచూచును. మూడు తనిఖీల ఫలితములు కలిసి ఎనిమిది విధములుగా మాత్రమే ఉండగలవు. మొత్తము ఏడు గుర్తులలో ఏదో ఒకటి మారుట ఏడు విధములు; ఏదియు మారకుండుట ఒక విధము. ఎనిమిదికి ఎనిమిది సరిపోయినవి! ఏ తనిఖీలు తప్పినవో చూచి, చెడిన గుర్తు స్థానమును యంత్రమే కనుగొని సరిచేసికొనును. నేటి పెద్ద కంప్యూటర్ల మెమరీలో ఈ ఆలోచన నుండి పెరిగిన పద్ధతులే కాపలా కాయుచున్నవి.

ఇందులో గమనింపదగిన విషయము ఒకటి ఉన్నది. హామింగ్ తప్పు చేయని యంత్రము కొరకు వెదకలేదు. యంత్రము తప్పు చేయునని ముందే ఒప్పుకొని, దానికి తగిన ఏర్పాటు చేసినాడు.

రెండు చోట్ల ఒకే సంగతి

అయితే కాపలా గుర్తులకు గుర్తులు మాత్రమే తెలియును, అర్థము తెలియదు. గుర్తులన్నియు చెక్కుచెదరకుండ ఉండి, వ్రాసిన సంగతి అబద్ధము కావచ్చును. ఒక కాలేజీలో విద్యార్థి చిరునామా హాస్టలు రిజిస్టరులో, గ్రంథాలయములో, పరీక్షల విభాగములో విడివిడిగా వ్రాసియున్నదనుకొందాము. అతడు ఇల్లు మారి హాస్టలులో మాత్రమే తెలిపినాడు. మూడు పుస్తకములు రెండు విధములుగా సాక్ష్యము చెప్పును. ఏది నమ్మవలెను?

1970 జూన్ నెలలో ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయుడు దీనికి ఒక మార్గము చూపినాడు. రెండవ ప్రపంచ యుద్ధములో విమానములు నడిపిన ఈ గణితజ్ఞుడు అప్పటికి కాలిఫోర్నియాలోని శాన్‌హోసేలో ఐ.బి.ఎం. ప్రయోగశాలలో ఉన్నాడు. ఆ రోజులలో దత్తాంశములను చెట్టు కొమ్మలవలె, గొలుసులవలె అమర్చేవారు. ఏ కొమ్మ పట్టుకొని ఎక్కడికి పోవలెనో ప్రోగ్రాము వ్రాయువానికి తెలిసియుండవలెను. అమరిక మారితే ప్రోగ్రాములు తప్పేవి. కాడ్ దత్తాంశములన్నిటిని సామాన్యమైన పట్టికలుగా ఉంచవచ్చునని, గణితములోని సంబంధముల సిద్ధాంతమును వాటికి అన్వయింపవచ్చునని నిరూపించినాడు. అందుచేతనే వీటికి సంబంధాత్మక డేటాబేసులని పేరు వచ్చినది.

ఒక సంగతి ఒక్కచోటనే వ్రాయవలెను; మిగిలిన చోట్ల దాని సంఖ్యను మాత్రము పేర్కొనవలెను. తరువాతి రెండు సంవత్సరములలో కాడ్ ఈ పద్ధతికి ఖచ్చితమైన నియమములు ఏర్పరచినాడు. పై ఉదాహరణలో చిరునామా విద్యార్థుల పట్టికలో మాత్రమే ఉండును. గ్రంథాలయపు పట్టికలో విద్యార్థి సంఖ్య చాలును. అంతేకాక, విద్యార్థుల పట్టికలో లేని సంఖ్య పేరున పుస్తకము ఇచ్చినట్లు వ్రాయబోతే యంత్రమే నిరాకరించునట్లు చేయవచ్చును. సంగతి ఒక్కచోటనే ఉన్నప్పుడు దానితో అదే విభేదించుటకు వీలు లేదు కదా.

సగములో ఆగిన పని

కాడ్ చెప్పినది కాగితము మీది సిద్ధాంతము. దానిని పనిచేయు యంత్రముగా మార్చుటకు అదే ప్రయోగశాలలో 1970ల మధ్య 'సిస్టమ్ ఆర్' అను ప్రయత్నము జరిగినది. అందులో ముఖ్యుడు జిమ్ గ్రే. 1944లో జన్మించిన ఈయన బర్క్‌లీలో డాక్టరేటు పొంది ఐ.బి.ఎం.లో చేరినాడు. తండ్రి, కుమారుల ఖాతాల వంటి చిక్కులు ఈ బృందమునకు ఎదురైనవి.

మొదటి చిక్కు ఒకే బెర్తు కొరకు ఇద్దరు ఒకే క్షణమున అడుగుట. ఇద్దరికీ అది ఖాళీగానే కనబడును. ఇద్దరికీ టిక్కెట్టు ఇచ్చివేయును. దీనికి తాళముల పద్ధతి కనుగొన్నారు. ఒక లావాదేవి తనకు కావలసిన వరుసలకు తాళము వేసికొనును. అది విడుచువరకు రెండవది ఆగియుండును. 1976లో ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రెయిగర్ అను నలుగురు కలిసి, ఈ తాళముల విషయమున ఒక సులభమైన నియమము పాటించిన చాలునని నిరూపించినారు. ఒక లావాదేవి ఒక్క తాళము విడిచిన తరువాత మరి కొత్త తాళము వేయరాదు. అప్పుడు లావాదేవీలన్నియు ఒకదాని తరువాత ఒకటి జరిగినట్లే ఫలితము వచ్చును.

రెండవ చిక్కు సగములో ఆగిన పని. దీనికి సిస్టమ్ ఆర్ బృందము మొదట 'నీడ పుటల' ఉపాయమును వాడినది. ఒక పుటను మార్చవలసి వచ్చినప్పుడు పాత పుట జోలికి పోక, డిస్కు మీద మరొక చోట కొత్త పుట వ్రాయుదురు. అంతయు పూర్తి అయిన తరువాత విషయసూచికను ఒక్కసారిగా కొత్త పుటల వైపు త్రిప్పుదురు. మధ్యలో కరెంటు పోతే పాత పుటలు ఎట్లున్నవి అట్లే ఉండును. ఉపాయము చక్కనిదే. కాని పట్టికలు పెద్దవైన కొద్దీ ప్రక్క ప్రక్కన ఉండవలసిన పుటలు డిస్కంతట చెల్లాచెదరై పని మందగించినది. విషయసూచికయే పెద్ద భారమైనది. 1981లో వ్రాసిన వ్యాసములో ఆ బృందము వారు ఈ విషయమును దాచక చెప్పినారు. పెద్ద పట్టికలకు నీడ పుటలను విడిచి, చిట్టాను మాత్రమే నమ్ముకొనియుండవలసినదని ఒప్పుకొన్నారు. విజ్ఞానము ముందుకు సాగుటకు ఇట్టి ఒప్పుకోలు ఎంతయు అవసరము.

చిట్టా పద్ధతి ఇది. పట్టికలో ఏ మార్పు చేయవలసినను, పాత విలువ ఇది, కొత్త విలువ ఇది అని ముందు చిట్టాలో వ్రాయవలెను. ఆ పంక్తి డిస్కు మీద పడినదని రూఢి అయిన తరువాతనే మారిన పట్టికను డిస్కు మీదికి పోనియ్యవలెను. లావాదేవి పూర్తి అయినప్పుడు 'ముగిసినది' అని చిట్టాలో ఒక పంక్తి వ్రాయవలెను. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు యంత్రము చిట్టా చదువును. 'ముగిసినది' అని ఉన్న లావాదేవీలలో పట్టికకు ఎక్కని మార్పులను ఎక్కించును. ఆ మాట లేని లావాదేవీల మార్పులను పాత విలువలు చూచి వెనుకకు త్రిప్పును. తండ్రి పంపిన 5,000 ఇప్పుడు కుమారునికి చేరియుండును, లేదా తండ్రి వద్దనే ఉండును; గాలిలో మాత్రము ఉండదు. 1978లో గ్రే తన ఉపన్యాస పాఠములలో ఈ నియమమును విపులముగా వివరించినాడు. చిట్టా చివర ఒక పంక్తి చేర్చుట, నూరు చోట్ల చెదరియున్న పట్టికల పుటలను అప్పటికప్పుడు దిద్దుటకంటె వేగముగా జరుగును. కొట్టులోని గుమాస్తా కూడ రద్దీ వేళ ఆవర్జా తిరగవేయక చిట్టాలో గీకి పడవేయుట ఈ కారణము చేతనే.

నాలుగు గుణములు, ఎదురు పద్దు

1983లో థియో హేర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అను జర్మను శాస్త్రజ్ఞులు లావాదేవికి ఉండవలసిన గుణములను నాలుగుగా కూర్చినారు. పని పూర్తిగా జరుగవలెను లేదా అసలు జరుగరాదు: ఇది అఖండత. నియమములకు విరుద్ధము కారాదు: ఇది సంగతత్వము. ఏకకాలమున జరుగు పనులు ఒకదానిలో ఒకటి తలదూర్చరాదు: ఇది ఏకాంతత. ముగిసినదని చెప్పిన తరువాత పోరాదు: ఇది స్థిరత్వము. వీటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరములు కలిపితే 'ఆసిడ్' అని వచ్చును. ఆమ్లముతో దీనికి సంబంధము లేదు. అయినను లావాదేవికి ఇది గీటురాయి అయినది.

1992లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుల బృందమొకటి 'ఏరీస్' అను పద్ధతిని ప్రకటించినది. ఆ వ్యాసకర్తలలో మొదటివాడు మద్రాసు ఐ.ఐ.టి.లో చదువుకొన్న సి. మోహన్. ఈ పద్ధతిలో చిట్టాలోని ప్రతి పంక్తికి వరుస సంఖ్య ఉండును. పట్టికలోని ప్రతి పుట తనకు చివరగా ఎక్కిన పంక్తి సంఖ్యను నుదుట ధరించును. రెండు సంఖ్యలు పోల్చి చూచిన చాలు, ఆ మార్పు ఎక్కినదో లేదో తెలిసిపోవును. ఒకే పద్దు రెండుసార్లు ఎక్కు ప్రమాదము లేదు. అసంపూర్ణమైన పనిని వెనుకకు త్రిప్పునప్పుడు కూడ పాత పంక్తిని చెరుపరు. 'ఇది రద్దు చేసితిమి' అని మరొక పంక్తి వ్రాయుదురు. బాగుచేయుచుండగా మరల కరెంటు పోయినను, ఎంతవరకు బాగుచేసినదీ చిట్టాయే చెప్పును. గుమాస్తా వ్రాసిన ఎదురు పద్దుకు ఇంతకంటె దగ్గరి పోలిక దొరకదు.

నమ్మరాని డిస్కు

చిట్టా పద్ధతి అంతయు ఒక్క నమ్మకము మీద నిలిచియున్నది: 'వ్రాసితిని' అని డిస్కు చెప్పినప్పుడు నిజముగా వ్రాసియుండవలెను. ఇది ఎల్లప్పుడు నిజము కాదు. 2008లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో 15 లక్షల 30 వేల డిస్కులను 41 నెలల పాటు పరిశీలించినారు. వ్రాసినది ఒకటి, చదివినది మరొకటి అయిన సందర్భములు 4 లక్షలకు మించి కనబడినవి. వీటికి విరుగుడు ప్రతి పుటలోని అంకెలన్నిటి నుండి ఒక తనిఖీ సంఖ్యను లెక్కించి ఆ పుటతోనే ఉంచుట. చదివినప్పుడు మరల లెక్కించి పోల్చవలెను. ప్రసిద్ధమైన పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఈ ఏర్పాటు 2013లో వచ్చినది. కోరినవారికే అది లభించేది. 2025లో వెలువడిన 18వ కూర్పు నుండి అడుగకుండనే అమలగుచున్నది.

అదే డేటాబేసు చరిత్రలో 2018లో ఒక విచిత్రము బయటపడినది. డిస్కు మీదికి వ్రాయుమని డేటాబేసు కోరగా లినక్సు అది జరుగలేదని ఒకసారి చెప్పును. అదే కోరికను మరల కోరితే జరిగినదని చెప్పును. వ్రాయలేకపోయిన పుటను మెమరీలో 'వ్రాసినది'గా గుర్తించుటయే దీనికి కారణము. మరల ప్రయత్నించుట మంచిదని అంతవరకు తలచిన ప్రోగ్రాము ఆ రెండవ జవాబును నమ్మి మోసపోయేది. 2019 ఫిబ్రవరిలో దీనిని సవరించినారు. ఇట్టి వైఫల్యము కలిగితే డేటాబేసు మారుమాట లేక తనంతట తాను ఆగిపోవును; తిరిగి లేచి చిట్టా నుండి పట్టికలను బాగుచేసికొనును. సందేహము కలిగినప్పుడు ఊహతో ముందుకు పోరాదు, చిట్టా తెరువవలెను.

మనిషి చేయి

1980లో టాండెమ్ కంపెనీలో చేరిన గ్రే, 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోవునో అని లెక్క తీసినాడు. ఆ కంపెనీ యంత్రములు ఆగిన సందర్భములలో యంత్రభాగముల దోషము 18 శాతము మాత్రమే. 42 శాతమునకు కారణము నిర్వహణ, అనగా వాటిని నడుపు మనుష్యుల చేతిలోని పని. గ్రే 1998లో ట్యూరింగ్ బహుమతి పొందినాడు. 2007 జనవరి 28న తల్లి చితాభస్మమును సముద్రమున కలుపుటకు శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఒంటరిగా పడవలో వెళ్ళి తిరిగిరాలేదు. ఆయన లెక్క మాత్రము నిలిచియున్నది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో జరిగిన సంగతి దీనికి సాక్ష్యము. పొద్దుపోయిన వేళ అలసియున్న ఒక ఇంజనీరు, నకలు యంత్రములో చెరుపవలసిన దానిని పొరపాటున అసలు యంత్రములో చెరిపినాడు. రెండు క్షణములలో తెలిసికొని ఆపినాడు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లు పోయినవి. దినదినము నకలు తీయు ఏర్పాటు ఉన్నదని అందరు నమ్మినారు. తెరచి చూడగా ఆ చోటు ఖాళీ! నకలు తీయు ప్రోగ్రాము కూర్పు వేరగుటచే చాల దినములనుండి అది విఫలమగుచున్నది. విఫలమైనదని తెలుపు ఉత్తరములు కూడ చేరుట లేదు. ఆరు గంటలకు ముందు వేరొక పని నిమిత్తము ఎవరో తీసిన ప్రతి ఉండుటచే సంస్థ బయటపడినది. ఆ ఆరు గంటల దత్తాంశములు మాత్రము తిరిగి రాలేదు. సంస్థవారు జరిగినదంతయు లోకమునకు వివరముగా ప్రకటించినారు. అందుచేత ఈ పాఠము ఇతరులకు ఉచితముగా లభించినది.

చిట్టా కరెంటు పోయినప్పుడు కాపాడును. కాని చెరుపుమని మనిషియే ఆజ్ఞ ఇచ్చినప్పుడు ఆ ఆజ్ఞయు లెక్కలోనిదే. అప్పుడు కాపాడునది దూరముగా, వేరొక చోట ఉన్న నకలు. ఆ నకలు పనికివచ్చునో లేదో తెలియుటకు ఒకటే మార్గము: దానినుండి డేటాబేసును నిజముగా తిరిగి నిలిపి చూచుట. తిరిగి నిలుపని నకలును తెరచి చూడని ఇనుప పెట్టెతో పోల్చవచ్చును. అందులో ధనమున్నదని యజమాని చెప్పును, అంతే.

హామింగ్ గుర్తు మారునని ఊహించినాడు. కాడ్ రెండు చోట్ల వ్రాసినది విభేదించునని ఊహించినాడు. గ్రే పని సగములో ఆగునని, మనిషి పొరపడునని ఊహించినాడు. తప్పు జరుగదని వీరిలో ఒక్కరును హామీ ఇయ్యలేదు. తప్పు జరిగిన మరునాడు ఉదయము నిజము ఏమిటో తెలిసికొనుటకు ఆధారము మిగిలియుండవలెనని మాత్రమే కోరినారు. కొట్టు మూసి, చిట్టా పుస్తకము మడిచి పెట్టెలో భద్రపరచి, తాళముచెవి మొలను దోపుకొని ఇంటికి పోయిన గుమాస్తా కోరిక కూడ అదే.